దూరకూడని చోట దూరని ప్లగ్గు

జనవరి 9

వదినకి,

డబ్బా మూత తీయగానే కంగారుపడకు. లోపలివి చూసి అన్నయ్య "ఇవేం పురుగులే?" అంటాడని నాకు తెలుసు. పురుగులు కావు, కనెక్టర్లు. వైరు చివర ఉండేది ప్లగ్గు, మిషన్‌కి ఉండేది సాకెట్టు, రెండూ కలిస్తే ఒక జత. నాలుగు జతలు పంపుతున్నాను, 1 నుంచి 4 దాకా అంకెలు అంటించి.

ఉత్తరమేమిటి ఈ కాలంలో అంటావేమో. నేను ఫోన్ చేసేసరికి నువ్వు వార్డులో ఉంటావు, నువ్వు చేసేసరికి నేను టెస్టింగ్ గదిలో ఉంటాను. ఆ గదిలోకి ఫోన్లు తేనివ్వరు. దొరికిన పది నిమిషాలూ ఇద్దరం ఆవలించుకుంటూ "ఇంకేంటి, ఇంకేంటి" అనుకోవడంతోనే సరి. ఎలాగూ పార్శిల్ వస్తోంది కదా అని అందులో నాలుగు మాటలు పెడుతున్నాను.

కొత్త ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. మేం చేసేది వార్మర్, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచేది. మీ వార్డులో ఉన్నదానిలాంటిదే. పైన హీటరు, కింద పరుపు. పాప ఒంటికి అంటించే సెన్సర్ ఒకటి, చుట్టూ ఉన్న గాలి వేడి చూసే సెన్సర్ ఒకటి. ఆ రెండింటి వైర్లూ వచ్చి మిషన్‌కి తగులుకోవాలి. ఏ ప్లగ్గుతో, ఏ సాకెట్టుతో తగులుకోవాలో తేల్చడం నా పని.

పని చెప్పినప్పుడు మిగతావాళ్ళు మూతులు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. సర్క్యూట్ గీసేవాళ్ళది వంట, ప్రోగ్రామ్ రాసేవాళ్ళది వడ్డన, నాది గిన్నెలు తోమడం. మా పెద్ద ఇంజినీరు గారు మాత్రం నవ్వలేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలుంటుంది, చాటుగా అందరూ స్కేలు గారంటారు. "చిన్న పని కాదమ్మా, జాగ్రత్తగా చెయ్యి" అన్నారు.

నువ్వు పదకొండేళ్ళుగా పసిపిల్లల వార్డులో నర్సువి. వీటిని నీ చేత్తో పెట్టి, తీసి, ఏది బాగుందో చెప్పు. ముఖస్తుతి వద్దు.

నీ
మరదలు

తా.క. జత కుదరడమంటే అనుకున్నంత తేలిక కాదు వదినా. రెండు నెలల్లో ముప్ఫై చూశాను. ఒకటి మరీ వదులు, ఇంకొకటి ముట్టుకుంటే బిగుసుకుపోయే రకం. పైకి బంగారంలా మెరిసేవి లోపల తుప్పు. నా మనసు మూడోదాని మీదే ఉంది. అయినా నీ మాట వినకుండా ఖాయం చెయ్యను.


జనవరి 20

మరదలు పిల్లకి,

ముందు నీ తా.క. చేసిన ఘనకార్యం విను. మీ అన్నయ్య షాపు కట్టేసి, చొక్కా మీద రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చాడు. నీ ఉత్తరంలో ఆఖరి కాగితం ఒక్కటీ కింద పడి ఉంటే తీసి చదివాడు. చదివి కుర్చీలో కూలబడ్డాడు. "ముప్ఫై సంబంధాలు చూసిందటే! మనకొక్క మాట చెప్పలేదు! ఎవడే ఆ మూడోవాడు?" నేను వంటగదిలోంచి వచ్చేలోపే పక్క షాపు ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. డబ్బాలోంచి 3వ నంబరు తీసి "ఇడుగో పెళ్ళికొడుకు" అని అరచేతిలో పెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక నీ పని. రెండు షిఫ్టుల్లో, ఖాళీ దొరికినప్పుడల్లా చూశాను.

1 వదులు. మంచం ఇటు జరిపితే అటు ఊడింది. తీసి అవతల పెట్టు.

నీ ముద్దుల 3కి మరమెలికలున్నాయి, మూడు చుట్లు తిప్పాలి. అమ్మాయీ, నా చేతులెన్ని? ఒకటి పాప మీద ఉంటుంది. రెండోదానికి గ్లవ్సు, ఆ గ్లవ్సు నిండా జెల్లు. దాంతో తిప్పుతూ కూర్చోవాలా? మీ అన్నయ్య చేతులైతే తిప్పుతాయి, ఆయన వడ్రంగి, వార్డుకి రాడు.

2 నాకు నచ్చింది. పూర్తిగా కూర్చుంటే టక్‌మంటుంది. కళ్ళు పాప మీదే ఉంచి చెవితో తెలుసుకోవచ్చు. 4 కూడా అలాగే టక్‌మంటుంది.

ఇంకో రెండు మాటలు. ప్లగ్గు తల పట్టుకుని లాగుతారని మీ ఇంజినీర్లు అనుకుంటారు. మేం తోక పట్టుకునే లాగుతాం. తప్పే, కానీ లాగుతాం. వైరు ప్లగ్గులోకి దూరే మెడ దగ్గర గట్టిగా ఉండేలా చూడు, ఎప్పుడూ అక్కడే తెగుతుంది. రోజుకి నాలుగుసార్లు స్పిరిట్‌తో తుడుస్తాం, దానికి తట్టుకోవాలి.

ఒక సందేహం. 2 ప్లగ్గు తీసి 4 సాకెట్లో పెట్టి చూశాను. మొదట ఒప్పుకోలేదు. ఇంకాస్త తోశాను, దూరింది. టక్ అని కూడా అంది. దూరాలా, దూరకూడదా? మా వార్డులో పాత మిషన్‌కి ఒకసారి అలాగే జరిగింది, అందుకని అడుగుతున్నాను.

వేళకి తిను. ఆ టెస్టింగ్ గదిలో చలిగా ఉంటుందన్నావు, లోపల స్వెట్టర్ వేసుకో.

నీ
వదిన


ఫిబ్రవరి 2

వదినకి,

పెళ్ళికొడుకు సంగతి ఆఫీసులో చెబితే స్కేలు గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. ఇప్పుడు 3వ నంబరుని అందరూ అల్లుడు గారనే అంటున్నారు. అల్లుడు గారికి సంబంధం తప్పిపోయింది, నీ దయ వల్ల.

నువ్వు రాసినవన్నీ బోర్డు మీద రాసి పెట్టాను. మెడ దగ్గర రబ్బరు తొడుగు పొడుగు పెంచాం. స్పిరిట్ సంగతి మాలో ఎవరికీ తట్టనే లేదు. ఇక్కడ మా దగ్గరున్న ఇలాంటివే నాలుగింటిని స్పిరిట్ గిన్నెలో నానబెడితే ఒకదాని ప్లాస్టిక్ సన్నగా చిట్లిపోయింది. నీకు సగం జీతం నేనే ఇవ్వాలి!

స్కేలు గారి నిర్ణయం ఏమిటంటే, రెండు సెన్సర్లకీ 2వ నంబరే పెడదాం అని. అన్నీ ఒకే రకమైతే స్టోర్‌లో ఒకే డబ్బా, వైర్లు తయారుచేయడానికి ఒకే పనిముట్టు. ఒంటి సెన్సర్‌కి ఎర్ర రింగు, గాలి సెన్సర్‌కి నీలం రింగు. రంగు చూసి పెట్టుకుంటే అయిపోతుంది. నాకూ సబబే అనిపించింది.

నీ సందేహం అడిగాను. 2 వెళ్ళి 4లో దూరకూడదు, వాటిని చేసిన కంపెనీవాళ్ళ కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. నువ్వేదో చూద్దామని బలంగా తోశావు కాబట్టి దూరిందని మావాళ్ళు నవ్వారు. మీ వార్డులో నిజంగానే అలా తోసిన ఆ మహాతల్లి ఎవరో గానీ, కళ్ళెక్కడ పెట్టుకుందో! అలాంటివాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటే లోకంలో ఏ మిషనూ తయారవదు అన్నాడు ప్రోగ్రామ్ రాసే అబ్బాయి. నేనూ నవ్వాను.

వచ్చే నెల పదిహేనున డిజైన్ మీద సంతకాలు. నా మొదటి సంతకం వదినా!

నీ
మరదలు


ఫిబ్రవరి 19

మరదలికి,

నీ డబ్బా తిరిగి పంపుతున్నాను. నాలుగు జతలూ ఉన్నాయి. వార్డులో పని ఎక్కువగా ఉంది. మీ అన్నయ్య బాగున్నాడు. రంగుల గురించి నన్నడక్కు. చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది.

వదిన


ఫిబ్రవరి 25

వదినకి,

ఆరు వాక్యాలు. నువ్వు పాలవాడికి చీటీ రాసినా ఇంతకన్నా పొడుగు రాస్తావు. "నీ వదిన" అనే చోట "నీ" కూడా లేదు.

నిన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఒంట్లో బాగానే ఉందే. నీ ఉత్తరం చదివింది, మడిచి అలమరలో పెట్టింది, తోమిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది" అన్నాడు. ఎందుకో తెలుసా అంటే, "నువ్వు నిజంగానే ఎవరినో చూసుకుని మాకు చెప్పడం లేదని అనుమానమేమో" అన్నాడు. వాడికి ఇంకా ఆ మూడోవాడి మీద నమ్మకం పోలేదు.

నేను ఆలోచించి ఆలోచించి మూడు కారణాలు తేల్చాను. ఇంట్లో మాటలు ఆఫీసులో చెప్పి అన్నయ్యని నవ్వులపాలు చేశానని కోపమా? ఈ నెల ఏడున నీ పుట్టినరోజు మర్చిపోయాను, అదా? సగం జీతం నేనివ్వాలని రాశాను, నీ పని నాకు వేళాకోళమైందనుకున్నావా? మూడింటికీ క్షమించు. నాలుగోది ఉంటే అదేదో చెప్పి తిట్టు. తిట్టని వదిన నాకు అలవాటు లేదు.

సంతకాలకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. చెయ్యి ముందుకు రావడం లేదు.

నీ
మరదలు


మార్చి 6

మరదలు పిల్లకి,

నాలుగోదే.

ఆ మహాతల్లిని నేనే.

ఎనిమిదేళ్ళైంది. నేను వార్డులో చేరిన మూడో ఏడు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఎండ కిటికీలోంచి సరిగ్గా మిషన్ మీద పడుతోంది. కిలోన్నర కూడా లేని పాప. మిషన్ తుడిచి, వైర్లు రెండూ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. రెండు ప్లగ్గులూ ఒకే రకం. రంగు రింగులు ఉండేవట. మేం తుడిచి తుడిచి అవి ఎప్పుడో తెల్లబడ్డాయి. ఒంటి సెన్సర్‌ది గాలి సాకెట్లో పెట్టాను, గాలిది ఒంటి సాకెట్లో పెట్టాను. రెండూ హాయిగా దూరాయి. హీటరు కింద గాలి వెచ్చగానే ఉంటుంది కదా, ఆ వేడి పాప ఒంటి వేడి అనుకుంది మిషన్. పాప బాగానే ఉందిలే అని హీటరు తగ్గించేసింది. ముందర అంకెలు చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను అంకెలే చూస్తున్నాను.

మా ఆయా పక్కగుడ్డ మార్చడానికి వచ్చి పాప పాదాలు పట్టుకుంది. "అమ్మా, పిల్ల కాళ్ళు చల్లగా ఉన్నాయేంటి?" అంది. "అంకె సరిగ్గానే ఉంది" అన్నాను. "అంకె సంగతి నాకు తెలీదమ్మా, కాళ్ళు చల్లగా ఉన్నాయి" అంది.

అరగంట గడిచిపోయింది అప్పటికే. పాపని తీసి నా గుండెకి హత్తుకుని కూర్చున్నాను, ఒళ్ళు వెచ్చబడేదాకా. సాయంత్రానికి కోలుకుంది. పదకొండో రోజు వాళ్ళమ్మతో ఇంటికి వెళ్ళింది, ఏ లోపమూ లేకుండా. డాక్టరు గారికి నేనే వెళ్ళి చెప్పాను. "ఇకమీదట జాగ్రత్త" అన్నారు. ఆ ప్లగ్గుల మీద ప్లాస్టర్ ముక్కలు అంటించి పెన్నుతో పేర్లు రాశాం. అంతే. అందరూ మర్చిపోయారు.

నేను మర్చిపోలేదు. ఇంట్లో చెప్పలేదు. మీ అన్నయ్య అప్పట్లో అందరికీ నా గురించి గొప్పగా చెప్పుకునేవాడు, ఎలా చెప్పను? నీ మీద కోపం కాదు. నువ్వు రాసింది ఎనిమిదేళ్ళుగా నన్ను నేను అనుకుంటున్నదే. వేరే చేతి రాతలో చదివేసరికి తట్టుకోలేకపోయాను.

కళ్ళు ముఖం మీదే ఉన్నాయి అమ్మాయీ. ప్లగ్గులు పెట్టేటప్పుడు పాపని చూస్తున్నాయి.

ఈ ఉత్తరం మీ స్కేలు గారికి చూపించాలంటే చూపించు. ఎవరు రాశారో దాచక్కర్లేదు.

నీ
వదిన


మార్చి 21

వదినకి,

నీ ఉత్తరం బస్టాపులో విప్పాను. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ "మహాతల్లి" అన్న మాట రాసిన చేత్తోనే ఇప్పుడు రాస్తున్నాను, సిగ్గుగా ఉంది. క్షమించమని అడగడం కన్నా ఏం జరిగిందో చెప్పడం మేలనిపిస్తోంది.

పదిహేనో తేదీన అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. కాగితం నా ముందుకు వచ్చింది. "సంతకం పెట్టనండి" అన్నాను. నీ ఉత్తరం చదివాను, "అంకె సంగతి నాకు తెలీదమ్మా" దాకా వచ్చి ఆగాను. తర్వాత ప్రోగ్రామ్ రాసే అబ్బాయే అన్నాడు, "అది పాత మిషన్ కదండీ. మనది రింగులు గట్టివి."

అందుకు సిద్ధపడే వెళ్ళాను. ముందు మూడు రోజులూ కూర్చుని మా రింగుల్ని స్పిరిట్‌తో రుద్దాను, మీ లెక్కన ఏడాదికి ఎన్నిసార్లవుతుందో అన్నిసార్లు. ఎరుపు గులాబీ అయింది, నీలం బూడిద అయింది. కిలోన్నర నీళ్ళ సంచి ఒకటి మంచం మీద పెట్టి స్కేలు గారితో అన్నాను:

"సార్, గ్లవ్సు వేసుకోండి. ఎడం చెయ్యి ఈ సంచి మీంచి తియ్యకూడదు. అది పాప. కళ్ళు దాని మీదే ఉండాలి, ఊపిరి తీస్తోందో లేదో చూస్తుండాలి. కుడిచేత్తో రెండు వైర్లూ పెట్టండి."

గ్లవ్సు మీద జెల్లు నేనే రాశాను. ఆయన పెట్టారు. టక్, టక్. చూస్తే తారుమారు.

"మళ్ళీ" అన్నారు. ఈసారి సరిగ్గా పడ్డాయి. "చూశారా!" అన్నాడు ప్రోగ్రామ్ రాసే అబ్బాయి. ఆయన వాడి వంక చూడలేదు. "మళ్ళీ" అన్నారు. మళ్ళీ తారుమారు.

గ్లవ్సు తీసి, అలవాటుగా జేబులోంచి స్కేలు తీసి సాకెట్ మీద పెట్టబోయి, ఆగి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. "ముప్ఫై రెండేళ్ళ సర్వీసు నాది. ఇది నేను గీసిందే. నేనే తప్పు పెట్టానంటే తప్పు చేతిది కాదమ్మా, కన్నానిది. దూరకూడనిది దూరనిచ్చే సాకెట్‌ని మనం చేశాం, చేసి జాగ్రత్త అని వాళ్ళకి చెబుతున్నాం" అన్నారు.

డిజైన్ ఆగింది. రెండు నెలలు ఆలస్యం. స్టోరాయన ఇంకో డబ్బా పెట్టడానికి చోటు లేదని గునుస్తున్నాడు. ఇప్పుడు ఒంటి సెన్సర్‌కి మూడు మూలల ప్లగ్గు, గాలి సెన్సర్‌కి బల్లపరుపుగా వెడల్పాటి ప్లగ్గు. రెండూ నీకు నచ్చినట్టు టక్‌మంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, చేత్తో తడిమినా తేడా తెలుస్తుంది. "మీ వదిన గారికి పంపి, తప్పుగా పెట్టి చూపించమని చెప్పు. ఆవిడ పెట్టలేకపోతేనే సంతకం" అన్నారు స్కేలు గారు.

వదినా, నువ్వు తప్పు చెయ్యలేదని నేను రాయను. రాసినా నువ్వు ఒప్పుకోవు. కానీ ఆ తప్పు చెయ్యడానికి తలుపు తెరిచి పెట్టింది మాలాంటివాళ్ళం. ఆ తలుపు మూస్తున్నాను.

నీ
మరదలు


ఆగస్టు 30

మరదలు పిల్లకి,

మీ మిషన్ సోమవారం వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు, నేను కిటికీ పక్కన పెట్టించాను. నమూనాలు వచ్చినప్పుడు ఇంట్లో పెట్టి చూశాను గానీ, అది వేరు, వార్డులో నిలబడి చూడడం వేరు.

పరుపు మీద పాపలెవరూ లేనప్పుడు మూడు మూలలదాన్ని వెడల్పాటి సాకెట్లో తోశాను. దూరలేదు. తిప్పి తోశాను. రెండు చేతులతో తోశాను. బొటనవేలు ఎర్రబడింది. చివరికి కోపం వచ్చేసింది, దేని మీదో తెలీదు, పళ్ళు బిగించి తోశాను. వెనకనుంచి ఆయా, ఆనాటి ఆవిడే, వచ్చే ఏడు రిటైరవుతుంది, "ఏంటమ్మా, అది దూరనంటుంటే వినవేంటి!" అంది. నాకు నవ్వొచ్చింది. నా నవ్వు చూసి ఆవిడకీ వచ్చింది. ఎందుకు నవ్వుతున్నామో ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది.

బుధవారం మొదటి పాపని అందులో పడుకోబెట్టాం. మూడు మూలలది వెళ్ళి దాని చోట టక్‌మంది. అంకె చూశాను, పాదాలు కూడా పట్టుకు చూశాను. వెచ్చగా ఉన్నాయి. పాదాలు చూడడం మానను, మీ మిషన్ ఎంత గొప్పదైనా.

ఒక ఫిర్యాదు. గాలి సెన్సర్ వైరు జానెడు పొట్టిది. మంచం తల ఎత్తితే లాగేస్తోంది. మీ స్కేలు గారిని ఆ స్కేలు బయటికి తియ్యమను.

ఇక అసలు సంగతి. నిన్న సెలవు. మీ అన్నయ్య టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఎండ కిటికీ దగ్గర్నుంచి పదకొండో రోజు దాకా. ఆయన కప్పు కింద పెట్టేశాడు. టీ మీద మీగడ కట్టేసింది. అంతా అయ్యాక, "అందుకా, నువ్వు గ్యాసు కట్టేసి మళ్ళీ వెళ్ళి చూస్తావు, తాళం వేసి మళ్ళీ లాగి చూస్తావు, ఇస్త్రీపెట్టె కోసం వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తావు! నేను చాదస్తం అనుకుని ఎనిమిదేళ్ళుగా విసుక్కుంటున్నానే" అన్నాడు.

తర్వాత లేచి, చల్లారిపోయిన ఆ టీ పారబోసి, ఇద్దరికీ మళ్ళీ పెట్టాడు. పంచదార ఎక్కువైంది. అలాగే తాగాను.

సాయంత్రం ఇద్దరం అలా నడిచొద్దామని బయలుదేరాం. తాళం వేశాను. ఆయన మెట్ల మీద ఆగి, నేను లాగి చూస్తానేమోనని నిలబడ్డాడు, ఈసారి విసుక్కోకుండా. నేను చూడలేదు. "పద" అన్నాను.

నీ
వదిన